1210 లారీకి ఏసీ: ముందు సందులు, తర్వాత షీట్లు, ఆఖరున గ్యాస్

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు పాతికేళ్లు తోలిన 1983 నాటి టాటా 1210 ఎస్‌ఈ. గుంటూరు మిర్చి యార్డు నుంచి లోడ్లు మోసిన బండి, ఇప్పుడు తెనాలి దగ్గర మీ షెడ్డులో ఉంది. 697 ఇంజన్‌కు బోరు పని అయిపోయింది. ఇక కిరాయిలకు కాదు, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని తిరగడానికి తయారు చేయిస్తున్నారు. ఆయనకు చెవులు మందగించాయి, ఎండకు అసలు తట్టుకోలేకపోతున్నారు. డ్యాష్‌బోర్డు కింద ఏసీ కిట్టు పెడితే రెండు రోజుల్లో పని అయిపోతుందని, సౌండ్ షీట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చని ఒక మెకానిక్ మీతో అన్నాడు. అలా చేయవచ్చా అని మీ ప్రశ్న.

వద్దండీ. ఆ వరస పూర్తిగా తిరగబడింది. నేను విజయవాడ ఆటోనగర్‌లో కేబిన్ పనిలో చేరి ముప్పై ఏళ్లు దాటింది. మొదట టింకరింగ్, తర్వాత ఏసీ. ఏసీ ముందు పెట్టించుకుని తర్వాత షీట్ల కోసం వచ్చిన ప్రతి బండికీ, పెట్టిన ఏసీ మళ్లీ విప్పాల్సి వచ్చింది. కూలింగ్ కాయిల్ డబ్బా వెళ్లి కూర్చునే చోటే శబ్దం ఎక్కువగా లోపలికి వచ్చే చోటు. దాని వెనక చెయ్యి పట్టదు. పైపులు విప్పితే గ్యాస్ పోతుంది, లోపలి తేమను పీల్చే డ్రయర్ బాటిల్ పాడవుతుంది. ఒకే పనికి రెండుసార్లు డబ్బు.

ఇంకా పెద్ద కారణం ఉంది. కేబిన్‌లోకి శబ్దం వచ్చే దారి, వేడి వచ్చే దారి, దుమ్ము వచ్చే దారి మూడూ ఒకటే. మీ నాన్నగారిని అడగండి, మిర్చి లోడు వేసుకుని పోతుంటే కేబిన్‌లో కూర్చున్నవాడికి కళ్లు ఎందుకు మండేవో. వెనక రేకుకీ కొయ్యకీ మధ్య సందుల్లోంచి ఘాటు లోపలికి వచ్చేది. ఘాటు వచ్చిన సందులోంచి శబ్దం రాదా? మే నెలలో ఎండగాలి రాదా? ఆ సందులు మూయకుండా ఎంత పెద్ద ఏసీ పెట్టినా రోడ్డుకు చల్లగాలి పోసినట్టే. మూసిన కేబిన్‌కు చిన్న ఏసీ చాలు. చిన్న ఏసీ అంటే ఇంజన్ మీద, బెల్టు మీద, రేడియేటర్ మీద, మీ డీజిల్ మీద తక్కువ భారం. అందుకే ఏసీ సైజు ఎంతో తేల్చుకోవాల్సింది సందులు మూసిన తర్వాతే.

ఒక లెక్క చెబుతాను. అడ్డుగా ఉన్న రేకు ఎంత మందమైనా కావచ్చు, దాని మీద ఎన్ని షీట్లయినా అతికించవచ్చు. దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, అది ఆపగలిగే శబ్దం 20 డెసిబెల్స్‌కు మించదు. ఇంజన్‌కీ కాళ్లకీ మధ్య ఉన్న రేకు ఒకటిన్నర చదరపు మీటరు అనుకుందాం. అందులో నూటికి ఒక వంతు అంటే 12 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క. క్లచ్ పెడల్ సందు, బ్రేకు పెడల్ సందు, స్టీరింగ్ రాడ్ చుట్టూ ఖాళీ, వైర్లు దూరిన చిల్లులు, ఎప్పుడో తీసేసిన కేబుల్ తాలూకు రంధ్రం అన్నీ కలిపితే ఆ ముక్క కంటే ఎక్కువే తేలుతుంది.

సందులు వెతకడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. రాత్రి పూట బండిని చీకట్లో పెట్టండి. అద్దాలకు గోనెపట్టాలు కప్పి, ఇంజన్ దగ్గర ఒక హాలోజన్ లైటు వెలిగించి, మీరు సుద్దముక్క పట్టుకుని లోపల కూర్చుని తలుపులు వేసుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే కళ్లు చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు కనిపిస్తాయి చూడండి, కాళ్ల దగ్గర నక్షత్రాల్లా. ప్రతి వెలుగు చుక్క చుట్టూ సుద్దతో సున్నా చుట్టండి. తర్వాత లైటు బండి కిందకి, ఆపైన వెనక గోడ వైపుకి మార్చి మళ్లీ చూడండి. ఈ మధ్య మా దగ్గరికి వచ్చిన ఇలాంటి బండికే ఒక్క క్లచ్ పెడల్ దగ్గర అరచెయ్యంత వెలుగు పడింది. అక్కడ ఒకప్పుడు తోలు తొడుగు ఉండేది. అది ఎండి, పగిలి, నాలుగు మేకులకు నాలుగు ముక్కలు మాత్రం వేలాడుతున్నాయి. డ్రైవరు ఎడమకాలు ఎప్పుడూ పాదం పైన కాలినట్టు ఉంటుందనేవాడట. ఆ పక్కనే బ్రేకు పెడల్ సందు కూడా అలాగే తెరుచుకుని ఉంది.

ఆ సుద్ద గుర్తులే మీ పని జాబితా. తుప్పు తిన్న నేల మూలలు కోసి కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేయించండి, పుట్టీతో పూడ్చనివ్వకండి. వాడని చిల్లులకు రేకు బిళ్లలు, వైర్లు దూరే చోట రబ్బరు గ్రోమెట్లు. పెడళ్లకూ స్టీరింగ్‌కూ కొత్త తొడుగులు. గేర్ రాడ్‌కు ఒకటి కాదు, పైన ఒకటి కింద ఒకటి రెండు తొడుగులు వేయించండి. గేర్‌బాక్స్ మోత నేరుగా పైకి వచ్చే గొట్టం అదే. తలుపులకు పాత బీడింగ్ తీసేసి మెత్తని బోలు రబ్బరు బీడింగ్ వేయించి, సందులో ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగి చూడండి. ఎక్కడ తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ తలుపు కూర్చోలేదని అర్థం. ముందు కీలు సర్దించండి, ఆ తర్వాతే బీడింగ్ మందం పెంచండి.

మీది కంపెనీ ముందుభాగం మీద ఆటోనగర్‌లో కొయ్య ఫ్రేముతో కట్టిన కేబిన్ అని ఫొటోల్లో తెలుస్తోంది. ఆ రోజుల్లో చాసిస్ కొనుక్కుని తెచ్చుకుంటే కేబిన్, తొట్టి ఇక్కడే కట్టేవాళ్లం. కొయ్య ఫ్రేముకు ఒక మంచి గుణం ఉంది, ఇనుములా వేడిని లోపలికి లాగదు. కానీ నలభై ఏళ్లకు కీళ్లు వదులవుతాయి, రేకుకు కొట్టిన మేకులు లూజవుతాయి. గతుకు రోడ్డు మీద వచ్చే కిర్రు కిర్రు అంతా దానిదే. దానికి ఏ షీటూ మందు కాదు. కీళ్ల దగ్గర ఇనుప ఎల్ పట్టీలు వేసి బోల్టులు బిగించాలి. రేకుకీ కొయ్యకీ మధ్య పలచని ఫెల్ట్ పట్టీ పెట్టి, మేకుల బదులు స్క్రూలు వేయాలి. కొయ్యలో తడి ఉంటే షీటు అతికించవద్దు. లోపల తడి చిక్కుకుంటే ఏడాది తిరిగేసరికి కొయ్య పుచ్చిపోతుంది. వారం రోజులు ఎండలో పెట్టి, చెద ఉందేమో పొడిచి చూసి, అప్పుడు ముందుకు వెళ్లండి.

ఇక శబ్దం పుట్టే చోటు. మీ ఇంజన్ ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్. రెండు చుట్లకు ఆరు పేలుళ్లు, అంటే ఒక చుట్టుకు మూడు. నిమిషానికి 1500 చుట్లు తిరిగితే సెకనుకు 25 చుట్లు, 75 పేలుళ్లు. ఆ 75 హెర్ట్జ్ మోతే పాత లారీలో కడుపులో దడదడమనిపించేది. దాని తరంగం పొడవు నాలుగున్నర మీటర్లకు పైనే ఉంటుంది. పది మిల్లీమీటర్ల స్పాంజి దాన్ని ఏమీ చేయలేదు. స్పాంజి తగ్గించేది టైమింగ్ గేర్ల కూత, ఫ్యాను గాలి, ఇంజెక్టర్ల టిక్కుటిక్కు లాంటి పై స్థాయి శబ్దాలనే. కింది స్థాయి మోతకు మందు ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు, కేబిన్ బుష్‌లు, సైలెన్సర్. నలభై ఏళ్ల ఫౌండేషన్ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, ఇంజన్ వణుకంతా చాసిస్‌కు అప్పజెప్తుంది. ఇంజన్ పని చేయించినప్పుడు అవి మార్చారో లేదో మీరు రాయలేదు. మార్చకపోతే ఒక్క షీటు కొనకముందు అవి మార్చండి. తేడా మీ అరచేతికి స్టీరింగ్ మీదే తెలుస్తుంది.

సైలెన్సర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజన్ పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గానీ, పైపు జాయింట్ల దగ్గర గానీ పొగ లీకు ఉంటే కేబిన్ మూయడం మొదలుపెట్టకండి. ఇన్నాళ్లూ సందులున్న కేబిన్ కాబట్టి పొగ వచ్చినా గాలికి పోయింది. ఇప్పుడు మీరు అన్నీ మూసి, అద్దాలెత్తి, లోపలి గాలినే తిప్పే ఏసీ పెడుతున్నారు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. ఎంత బాగా కుదిరినా సరే, ఇంజన్ ఆన్‌లో పెట్టి అద్దాలు మూసుకుని ఆ కేబిన్‌లో ఎవరినీ నిద్రపోనివ్వకండి. నాన్నగారికి ఈ మాట మీరే చెప్పండి. ఆ తరం వాళ్లకు బండిలో పడుకోవడం అలవాటు.

ఇవన్నీ అయ్యాక షీట్ల సంగతి. బజారులో సౌండ్ షీటు అని అమ్మేవాటిలో ఒక్కొక్కటి ఒక్కో పని చేస్తుంది. వెండి రంగు రేకున్న 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ రబ్బరు షీటు శబ్దాన్ని ఆపదు, రేకు మోగడాన్ని ఆపుతుంది. కంచం మీద వేలితో కొట్టి, వెంటనే అరచెయ్యి ఆనిస్తే మోత ఆగిపోతుంది కదా, అదే పని. అందుకే రేకంతా కప్పాల్సిన అవసరం లేదు. వెడల్పాటి రేకు మధ్యలో పావు వంతు నుంచి నలభై శాతం వరకు వేస్తే చాలావరకు ఫలితం వచ్చేస్తుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి. టంగుమన్న చోట వేయండి, దబ్బుమన్న చోట వదిలేయండి. మిగిలిన డబ్బు ఫౌండేషన్ రబ్బర్లకు పెట్టండి. అతికించే ముందు రేకును వైరు బ్రష్‌తో గీకి, తుప్పు తీసి, థిన్నర్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టాలి. అతికించాక చిన్న ఇనుప రోలరుతో, రేకు మీది గీతలు చదునయ్యేదాకా రుద్దాలి. రుద్దని షీటు రెండో ఎండాకాలానికి ఊడి వస్తుంది. మన ఊళ్లో ఎండాకాలం హీట్ గన్ అవసరం కూడా ఉండదు. తెల్లవారుజామున పని చేయించండి, మధ్యాహ్నం అయితే షీటు తాకీ తాకగానే పట్టేసుకుని సర్దడానికి వీలివ్వదు.

దాని మీద రెండో పొర, నీళ్లు పీల్చని మూసిన గదుల (క్లోజ్డ్ సెల్) ఫోమ్, 6 నుంచి 10 మిల్లీమీటర్లు. ఇది వేడికి అడ్డు. సీట్లలో వాడే మామూలు స్పాంజి, గోనె, పాత కార్పెట్టు వాడవద్దు, అవి నీళ్లు పీల్చి పట్టుకుని కింద రేకును తినేస్తాయి. మూడోది బరువైన వినైల్ షీటు, చదరపు మీటరుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. నిజంగా శబ్దాన్ని ఆపే గోడ ఇదే. కాళ్ల దగ్గర రేకుకు, నేలకు, ఇంజన్ వైపు ఉబ్బుకు మాత్రమే ఇది వేయండి. ఫోమ్ మీద వదులుగా వేలాడుతూ, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాలి. నేల మీద వేసింది గమ్‌తో అతికించకండి. ఎత్తి ఆరబెట్టుకునేలా పరిస్తే చాలు. వర్షంలో బూట్లతో ఎక్కుతారు, గేర్‌బాక్స్ మూత విప్పాల్సి వస్తుంది.

ఒక పొరపాటు మీకు జరగకూడదని చెబుతున్నాను. నేను పని నేర్చుకున్న కొత్తలో బ్యూటైల్ షీట్లు దొరికేవి కావు. భవనాల పైకప్పుకు వేసే తారు షీటు తెచ్చి ఒక లారీ కేబిన్ పైకప్పుకు లోపల అతికించాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు పైకప్పు రేకు చెయ్యి పెట్టనివ్వదు. తారు మెత్తబడి, లైనింగ్ గుడ్డలోంచి చుక్కలుగా కారింది. వాసనకు డ్రైవరుకు తలనొప్పి. అదంతా కిరోసిన్ పెట్టి గీకడానికి నాకు మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ ఆయన బండి ఆగిపోయింది. ఇప్పటికీ ఆ షీటును చవక అని అమ్ముతూనే ఉన్నారు. కేబిన్ లోపలికి దాన్ని రానివ్వకండి.

పైకప్పు విషయంలో ఇంకో భ్రమ ఉంది. వెండి రేకు వేశాం కాబట్టి వేడి తిరిగిపోతుందనుకుంటారు. ఆ రేకు ముందు గాలి సందు ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. దేనికైనా అంటుకుని ఉంటే మామూలు లోహమే, వేడిని అవతలికి అందించేస్తుంది. అందుకని పైకప్పుకు బ్యూటైల్ ముక్కలు, ఫోమ్ వేసి, తర్వాత ఒకటి రెండు అంగుళాల ఖాళీ వదిలి లైనింగ్ బిగించండి. బయట పైభాగానికి తెల్ల రంగు వేయించండి. పాత రంగే ఉంచాలని మీకు ఉంటుంది, తెలుసు. కింద నిలబడిన వాళ్లకు పైకప్పు కనపడదు, నాన్నగారి తలకు మాత్రం తెలుస్తుంది. ఇంజన్ వైపు, మానిఫోల్డ్ దగ్గర బ్యూటైల్ గానీ ఫోమ్ గానీ వేయవద్దు. అక్కడ గాజు ఊలు పొర, దాని ముందు అంగుళం ఎడంగా ఒక అల్యూమినియం రేకు. అద్దాలకు నల్ల ఫిల్ము ఆలోచన వద్దు. ముందు అద్దంలోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలని నిబంధన. ఫిల్ములు అతికించడాన్ని 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది.

ఇప్పుడు ఏసీకి వద్దాం. మొదటి ప్రశ్న, మీ బండి 12 వోల్టులా, 24 వోల్టులా? పాత బండ్లలో రెండూ చూశాను, మధ్యలో మార్చినవీ చూశాను. బ్యాటరీలు లెక్కపెట్టి ఊహించకండి, మీటరు పెట్టి కొలవండి. 12 వోల్టుల క్లచ్ కాయిల్‌కు 24 ఇస్తే కాలిపోతుంది. 12 వోల్టుల బండికి 24 వోల్టుల కాయిల్ పెడితే క్లచ్ సరిగ్గా పట్టదు.

కంప్రెసర్‌కు శాండెన్ 5హెచ్14 రకం, 138 సీసీది, మూసిన కేబిన్‌కు సరిపోతుంది. బస్సులది తెచ్చి పెడతామంటే ఒప్పుకోకండి. లేత్ షాపులో పుల్లీ చేయించే ముందు ఈ లెక్క వేయండి. మీ ఇంజన్ ఐడిలింగ్ నిమిషానికి సుమారు 600 చుట్లు, గరిష్ఠం 2800. ఇంజన్ వైపు ఉండే క్రాంక్ పుల్లీ 210 మిల్లీమీటర్లు, కంప్రెసర్ పుల్లీ 132 అయితే, కంప్రెసర్ దాదాపు 1.6 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఐడిలింగ్‌లో 950, పూర్తి వేగంలో 4450. రెండు వైపులా క్షేమం. క్రాంక్ పుల్లీ చిన్నదైతే బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా లోపల వేడిగాలి వస్తుంది. ఈ వంద హార్స్ పవర్ ఇంజన్‌కు కంప్రెసర్ లాగే నాలుగైదు హార్స్ పవర్ పెద్ద లెక్క కాదు, ఖాళీ బండికి అసలే కాదు.

అన్నిటికంటే నేను ఎక్కువ సమయం పెట్టేది కంప్రెసర్ బ్రాకెట్ మీద. బ్రాకెట్ ఇంజన్‌కే బిగించాలి, చాసిస్‌కు ఎప్పుడూ కాదు. ఇంజన్ రబ్బర్ల మీద కూర్చుని ఉంటుంది, స్టార్ట్ చేసినప్పుడు, గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. కంప్రెసర్ చాసిస్ మీద ఉంటే క్రాంక్ పుల్లీ కదులుతుంది, కంప్రెసర్ కదలదు. బెల్టు ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వదులవుతుంది. ఒక బండి మా దగ్గరికి మూడో బెల్టు తెంపుకుని వచ్చింది. బెల్టు నాసిరకం అని పెట్టినవాళ్లు చెప్పారట. నేను బానెట్ ఎత్తి, మా కుర్రాణ్ణి క్లచ్ వదలమన్నాను. ఇంజన్ వేలెడు ఒరిగింది, బెల్టు ఒక అంచు పైకి లేచి మళ్లీ గాడిలో పడింది. బెల్టు లోపలి గోడ ఒక పక్క మాత్రమే అద్దంలా మెరుస్తోంది. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 10 లేదా 12 మిల్లీమీటర్ల ప్లేటుతో, ఇంజన్ బ్లాకు మీద ఉన్న బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ చేయించండి. రెండు పుల్లీల ముఖాల మీద ఇనుప స్కేలు ఆనించి, నాలుగు చోట్లా తాకుతోందో లేదో మీ కళ్లతో చూడండి.

గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను రేడియేటర్ ముందు పెడితే పని తేలిక, కానీ రేడియేటర్ గాలి కొంత తింటుంది. మీ రేడియేటర్ కోరు పాతదే అయితే కొత్త కోరు వేయించాకే ఆ పని. ఫ్యాను చుట్టూ రేకు కవచం ఉండాలి, చాలా పాత బండ్లలో అది ఎప్పుడో పోయి ఉంటుంది. కండెన్సర్ ముందు కరెంటు ఫ్యాన్లు తప్పనిసరి. ఇలా కుదరకపోతే కేబిన్ వెనక, తొట్టికి ముందు ఉన్న సందులో సొంత ఫ్యాన్లతో కండెన్సర్ నిలబెట్టవచ్చు. మీరు లోడు వేయరు కాబట్టి మీకు నా ఓటు దీనికే. ముందు గ్రిల్లు అందం చెడదు, ఇంజన్ వేడెక్కదు. పైపులు కొంచెం పొడవవుతాయి, అంతే.

కూలింగ్ కాయిల్ డబ్బా పెట్టడానికి అసలు డ్యాష్‌బోర్డు కోయనివ్వకండి. కింద వేలాడేసే డబ్బాలు దొరుకుతాయి, ఉన్న రంధ్రాలకే క్లాంపులు వేయవచ్చు. దాని నీటి గొట్టం వాలుగా బయటికి పోవాలి. ఆ గొట్టం మడత పడితే నీళ్లు మీరు ఇంత కష్టపడి వేసిన షీట్ల కిందకి పోతాయి, పైకి ఏమీ కనపడదు. బిగించిన రోజే డబ్బాలో లీటరు నీళ్లు పోసి, బండి కింద ఎన్ని వచ్చాయో చూడండి. వెనక బెర్తు వాడకపోతే మధ్యలో ఒక మందపాటి తెర కట్టండి, చల్లబరచాల్సిన జాగా తగ్గిపోతుంది.

గ్యాస్ ఎక్కించే రోజు మీరు దగ్గర ఉండండి. ముందు నైట్రోజన్‌తో 150 నుంచి 200 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి, జాయింట్లకు సబ్బునురగ రాసి, గంట సేపు గేజు ముల్లు కదలకుండా ఉందో చూడాలి. నైట్రోజన్ లేదని వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెంటనే ఆపించండి. లోపల కంప్రెసర్ నూనె ఉంటుంది, ఆక్సిజన్ ఒత్తిడిలో అది పేలుతుంది. డ్రయర్ బాటిల్ మూతలు అన్నిటికంటే ఆఖరున తీయాలి, అది గాల్లో తేమను పీల్చేస్తుంది. తర్వాత వాక్యూమ్ పంపు కనీసం ముప్పావుగంట, పంపు ఆపాక మళ్లీ ముల్లు చూడటం. అప్పుడు ఆర్-134ఎ గ్యాస్, తూకం వేసి. పాత కారు నుంచి తీసిన ఆర్-12 కాలం కంప్రెసర్ చవగ్గా వస్తుందంటే వద్దనండి. ఆ గ్యాస్ తయారీ మన దేశంలో 2008 ఆగస్టులోనే ఆగిపోయింది, దాని నూనె దీనికి పడదు. మన ఎండలో ఎక్కువ ఒత్తిడి వైపు చూపే పై గేజు 250 నుంచి 300 పీఎస్ఐ మధ్య, తక్కువ ఒత్తిడి వైపు చూపే కింది గేజు 30, 40 మధ్య ఉంటే సంతోషించండి. పై గేజు ఇంకా ఎగబాకుతుంటే గ్యాస్ తగ్గించే ముందు కండెన్సర్ ఫ్యాన్లు సరైన దిక్కుకు తిరుగుతున్నాయా అని చూడండి. వైర్లు అటూ ఇటూ మారి ఫ్యాను వెనక్కి తిరగడం చాలాసార్లు చూశాను. ఒత్తిడి మితిమీరితే కంప్రెసర్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ లేకుండా ఏ ఏసీ కూడా ఒప్పుకోవద్దు.

కరెంటు సంగతి. 12 వోల్టులైతే బ్లోయరు, ఫ్యాన్లు, క్లచ్ కలిపి 30 ఆంపియర్లు దాటుతుంది. పాత డైనమో దానికి చాలదు, మంచి ఆల్టర్నేటర్ కావాలి. పాత డ్యాష్‌బోర్డులో ఆంపియర్ మీటరు ఉంటే జాగ్రత్త, బండి కరెంటంతా దాని గుండానే పోతుంది. ఏసీ భారం కూడా దాని మీద వేస్తే వెనక టెర్మినళ్లు కాగి మంట పుడుతుంది. ఏసీకి బ్యాటరీ నుంచి వేరే వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తర్వాత రిలేలు.

కాగితాల గురించి కూడా అడిగారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. మీ పాత బండికి అది వర్తించదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. కాబట్టి ఇంజన్, చాసిస్, కేబిన్ కొలతల జోలికి వెళ్లకుండా పని చేయించి, ఆర్‌టీఏ ఆఫీసులో ముందే ఒక మాట అడిగి ఉంచుకోండి.

ఇక చివరిగా, మీరు అడగని విషయం ఒకటి. మీ నాన్నగారి తరం డ్రైవర్లు బండిని చెవులతో తోలారు. టైరు పంక్చరైతే చప్పుడు మారుతుంది, బెల్టు జారితే కూత వస్తుంది, ఇంజన్ కాగితే మోత బరువెక్కుతుంది. తలకు తడి తువాలు చుట్టుకుని, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని, అవన్నీ వింటూ వెళ్లేవాళ్లు. ఆ కిటికీ ఇప్పుడు మూసేస్తున్నాం. అందుకని ఇంజన్ వేడికి ఒక మంచి గేజు, దానితో పాటు ఒక బజరు, ఆయిల్ ప్రెషర్‌కు ఒక ఎర్రలైటు కచ్చితంగా పెట్టించండి. పని అయ్యాక మొదటిసారి నడిపేటప్పుడు ఏసీ ఆపి, అద్దాలు దించి, ఆటోనగర్ నుంచి వారధి దాటి కాజ టోల్ దాకా వెళ్లండి. మళ్లీ అదే దారిలో, అదే గేరులో, ఏసీ వేసి అద్దాలెత్తి వెనక్కి రండి. రెండుసార్లూ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. వినికిడి తగ్గినా సరే, ఆ ఇంజన్ మోతలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో ఆయన పాదాల కింద నేల వణుకును బట్టి చెప్పేస్తారు. ఆయన ఏదైనా తేడాగా ఉందంటే, గేజులు ఏం చెప్పినా సరే, బండి పక్కకు తీసి బానెట్ ఎత్తండి.